విల్లు కొనే ముందు చేతులు కొలవాలి

తిరుపతిలోనో చిత్తూరులోనో ఎవరికైనా విలువిద్య మీద మనసు పడితే ముందు చేసే పని ఫోన్‌లో వీడియోలు వెతకడం. అక్కడ దొరికేవాటిలో పెద్ద వాటా అమెరికా వేటగాళ్లది. చెట్ల ఆకుల రంగులు పులిమిన, చివర్లలో చక్రాలున్న కాంపౌండ్ విల్లు, 70 పౌండ్ల బిగువు, సెకనుకు 340 అడుగుల వేగం, బ్లేడులా మెరిసే మొన. నాలుగు వీడియోలు చూసేసరికి అలాంటిదే కావాలనిపిస్తుంది. తీరా కొన్నాక అది చేతికి లొంగదు. రెండు నెలలు తంటాలు పడి, భుజం పట్టేసి, విల్లును అటక మీదికి ఎక్కిస్తారు. ఈ విద్య తమకు రాదని తేల్చేసుకుంటారు. నిజానికి అక్కడ కుదరనిది విల్లు.

ఆ వీడియోల్లో చెప్పేది అబద్ధమని కాదు. వేరే చట్టం ఉన్న దేశంలో, వేరే అవసరం కోసం, వేరే ఒడ్డూపొడుగూ ఉన్న మనుషులకు చెప్పిన మాటలవి. వాటిలో వేటకే పనికొచ్చే భాగం ఒకటుంది, అది ఇక్కడ పూర్తిగా వదిలెయ్యాలి. విల్లును మనిషికి కుదిర్చే భాగం ఇంకొకటుంది, అది ఎక్కడైనా పనికొస్తుంది. కొన్ని విషయాల్లో టార్గెట్ ఆటగాళ్ల కంటే వేటగాళ్లే ఎక్కువ శ్రద్ధ పెడతారన్నది కూడా ఒప్పుకోవాల్సిన మాట. ఈ రెంటినీ విడదీసి చూస్తే విల్లు ఎంపికలో సగం చిక్కు విడిపోతుంది.

అడవి వైపు కాదు

ముందు చట్టం సంగతి తేల్చుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ షెడ్యూళ్లలో ఉన్న జంతువుల వేటను నిషేధించింది. వేట అంటే చంపడం ఒక్కటే కాదు. ఉచ్చు పన్నడం, ఎర వెయ్యడం, వెంటాడడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. బాణం గురి తప్పిందన్నంత మాత్రాన నేరం తప్పిపోదు. అదే చట్టం ఆయుధం అనే మాటకు ఇచ్చిన అర్థంలో తుపాకులు, ఉచ్చులు, విషంతో పాటు విల్లంబులను పేరు పెట్టి మరీ చేర్చింది. రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి వెళ్లకూడదని 31వ సెక్షన్ చెబుతుంది. జాతీయ పార్కులకూ అదే వర్తిస్తుంది.

తిరుపతి వాళ్లకు ఇది ఎక్కడో దూరాన ఉన్న విషయం కాదు. ఊరు అడవిని ఆనుకునే ఉంది. 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు విస్తీర్ణం సుమారు 353 చదరపు కిలోమీటర్లు. చిత్తూరు జిల్లాలో పలమనేరు, కుప్పం వైపు ఏనుగులు తిరిగే కౌండిన్య అభయారణ్యం ఉంది. సరదాగా తలకోన దారిలో నాలుగు బాణాలు వేసొద్దామని విల్లు బండిలో పెట్టుకుని బయల్దేరడం కూడా పెద్ద చిక్కే. ఎర్రచందనం కాపలా కాసే బృందాలకు ఆ విల్లు సరదా కోసమని ఎలా తెలుస్తుంది? 2022 సవరణ తర్వాత జాతీయ పార్కులోనో అభయారణ్యంలోనో వేటాడితే శిక్ష కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలు. జరిమానా 25 వేల రూపాయలకు తగ్గదు. నేరానికి వాడిన ఆయుధం, బండి ప్రభుత్వపరం అవుతాయి.

పంట మీద పడే అడవిపందుల బెడద అనుభవించే రైతుకు ఇదంతా కష్టంగానే వినిపిస్తుంది. రాత్రికి రాత్రి వేరుశనగ చేను తవ్విపోసినట్టయితే కడుపు మండడం సహజం. కానీ విల్లు దానికి మందు కాదు. ప్రమాదకరంగా మారిన జంతువు విషయంలో అధికారికంగా రాతపూర్వక ఉత్తర్వు వస్తే తప్ప ఎవరూ చెయ్యి చేసుకోకూడదు. అరకొరగా తగిలిన బాణంతో పారిపోయిన పంది రోజుల తరబడి నరకం పడుతుంది. దానికి ఎదురుపడిన మనిషి ప్రాణానికీ పూచీ ఉండదు. పంట నష్టానికి అటవీశాఖకు దరఖాస్తు పెట్టుకోవడం నిదానమైన దారే, అయినా అదే దారి.

వేట మాట మాత్రం ఈ నేలకు కొత్త కాదు. శ్రీకాళహస్తిలో విల్లు పట్టిన తిన్నడే కన్నప్ప అయ్యాడు, అక్కడి కొండ ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది. తిరుమలలో కనుమనాడు పార్వేట ఉత్సవం జరుగుతుంది. మలయప్పస్వామి వేటకు బయల్దేరతాడు, ఏ జంతువూ చావదు. వేటలోని ఉత్సాహాన్ని ఉంచుకుని చావును పక్కన పెట్టిన ఆ ఏర్పాటు లాంటిదే విలువిద్యలోనూ ఒకటుంది. దాన్ని త్రీడీ ఆర్చరీ అంటారు. ఫోమ్‌తో చేసిన జంతువుల బొమ్మలను ఎగుడుదిగుడు నేల మీద, దూరం చెప్పకుండా నిలబెడతారు. కాంపౌండ్ విల్లుకు దూరం గరిష్ఠంగా 45 మీటర్లు, మిగతావాటికి 30. వేటగాడికి కావాల్సిన నేర్పంతా అందులో ఉంటుంది, దెబ్బ తగిలేది మాత్రం ఫోమ్‌కి. సొంత తోట ఉండి, అది అడవి హద్దుకు దూరంగా ఉండి, వెనక మట్టికట్ట వేసుకోగలిగితే నలుగురు కలిసి ఇలాంటిది పెట్టుకోవచ్చు. మైదానంలో ఆడేదైతే కొసలు ముందుకు వంగిన రికర్వ్ విల్లుకు 70 మీటర్లు, కాంపౌండ్‌కు 50 మీటర్లు అంతర్జాతీయ దూరాలు.

కొలత, బరువు

ఇక విల్లు దగ్గరికి వద్దాం. దుకాణంలో మొదట అడగాల్సింది కంపెనీ పేరూ కాదు, వేగమూ కాదు. డ్రా లెంగ్త్, అంటే నారిని దవడ దాకా లాగినప్పుడు విల్లుకీ నారికీ మధ్య ఉండే పొడవు. ఇది మనిషి ఎముకల మీద ఆధారపడి ఉంటుంది, సాధనతో పెద్దగా పెరిగేది కాదు. చొక్కాకు భుజం కొలత ఎలాంటిదో విల్లుకు ఇది అలాంటిది.

కొలవడానికి గోడ, టేపు, పక్కన ఇంకో మనిషి ఉంటే చాలు. వీపు గోడకు ఆనించి, రెండు చేతులూ భుజాల ఎత్తులో చాచాలి. ఊపిరి బిగబట్టి లాగకూడదు, మామూలుగా చాచాలి. ఒక నడివేలి చివర నుంచి రెండో నడివేలి చివర దాకా అంగుళాల్లో కొలిచి, 2.5తో భాగించాలి. అయిదడుగుల ఆరంగుళాల మనిషికి చేతుల విస్తారం సుమారు 66 అంగుళాలు వస్తుంది. భాగిస్తే 26.4. ఆ మనిషి 26 నుంచి 26.5 అంగుళాల దగ్గర మొదలుపెట్టి, విల్లు పట్టుకున్నాక అర అంగుళం అటూ ఇటూ సర్దుకోవాలి.

ఇప్పుడు ప్రకటనల్లోని వేగం సంగతి చూడండి. కాంపౌండ్ విళ్ల మీద రాసే వేగం 30 అంగుళాల డ్రా లెంగ్త్, 70 పౌండ్ల బిగువు, 350 గ్రెయిన్ల (సుమారు 23 గ్రాముల) తేలికపాటి బాణంతో కొలిచింది. డ్రా లెంగ్త్ అంగుళం తగ్గితే వేగం సెకనుకు దాదాపు 10 అడుగులు పడిపోతుంది. 26.5 అంగుళాల మనిషి చేతిలో ఆ 340 ఎన్నడూ రాదు. దాని కోసం డబ్బు పొయ్యడం వృథా. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. వేగం ఆశతో చాలామంది డ్రా లెంగ్త్‌ను ఒక అంగుళం ఎక్కువ పెట్టించుకుంటారు. అప్పుడు విల్లు పట్టిన చెయ్యి మోచేతి దగ్గర బిగుసుకుంటుంది, తల వెనక్కి వాలుతుంది, వదిలిన నారి ముంజేతిని కొడుతుంది. మోచేతి కింద నల్లగా కమిలిన చార కనిపిస్తే ముంజేతికి కట్టే ఆర్మ్‌గార్డ్ కొనడానికి పరిగెత్తే ముందు డ్రా లెంగ్త్ సరిచూడాలి.

రెండోది డ్రా వెయిట్, అంటే నారిని లాగడానికి పట్టే బలం. రికర్వ్ లింబుల మీద, అంటే పిడికి పైనా కిందా వంగే బద్దల మీద, రాసిన పౌండ్లు 28 అంగుళాల దగ్గర కొలిచినవి. అంతకంటే ఒక్కో అంగుళం తక్కువ లాగితే సుమారు రెండు పౌండ్లు తగ్గుతుంది. 34 అని రాసిన లింబులు 26.5 అంగుళాలు లాగేవాళ్ల చేతిలో 31 దగ్గర ఉంటాయి. కొత్తగా మొదలుపెట్టే పెద్దవాళ్లకు రికర్వ్‌లో 20 నుంచి 28 పౌండ్లు, కాంపౌండ్‌లో 30 నుంచి 40 చాలు. మరీ తక్కువ అనిపించొచ్చు. కానీ ఒక్కసారి లాగి వదలడం వేరు, సాయంత్రం మొత్తం మీద వంద బాణాలు వెయ్యడం వేరు. బరువు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. బాణం ఎక్కించి, విల్లును టార్గెట్ వైపే సమానంగా పట్టుకుని, ఆకాశం వైపు ఎత్తకుండా నిదానంగా వెనక్కి లాగాలి. పైకెత్తి ఊపుతో దించుతూ లాగాల్సి వస్తే ఆ విల్లు ఇంకా తన చేతిది కాదన్నమాట. కుర్చీలో కూర్చుని కూడా లాగగలిగితే బరువు సరిపోయినట్టు.

వేట అనుమతి ఉన్న దేశాల్లో కనీస డ్రా వెయిట్ నియమాలు ఉంటాయి, చాలా చోట్ల అది 35, 40 పౌండ్ల దగ్గర ఉంటుంది. బాణం లోతుగా దిగి జంతువు త్వరగా చావాలన్నది ఆ నియమం ఉద్దేశం. బాణం తుపాకీ గుండులా దెబ్బతో పడెయ్యదు, పదునైన అంచుతో రక్తనాళాలు కోసి చంపుతుంది. అందుకే వేటగాళ్లకు బరువైన బాణం, పదునైన మొన కావాలి. కాగితపు టార్గెట్‌కూ, ఫోమ్ బొమ్మకూ ఇదేదీ అక్కర్లేదు. ఆ మొనలు, అంటే బ్రాడ్‌హెడ్‌లు, ఇక్కడ కొనడం శుద్ధ దండగ. అవి టార్గెట్‌ను చీల్చేస్తాయి, పీకబోతే వేళ్లు తెగుతాయి.

కన్ను సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. కుడిచేతి వాటం వాళ్లందరికీ కుడికన్నే బలమైనది కాదు. రెండు అరచేతులు ముందుకు చాచి, మధ్యలో చిన్న సందు ఉంచి, దూరంగా ఉన్న గోపురం కలశాన్ని ఆ సందులోంచి రెండు కళ్లతో చూడాలి. ఒక కన్ను మూస్తే కలశం సందులోనే ఉంటే తెరిచి ఉన్న కన్నే గురి చూసే కన్ను. అది ఎడమదైతే ఎడమచేతి విల్లు కొనడం మంచిది. మొదట్లో ఇబ్బందిగా ఉన్నా తర్వాత ఎంతో బాధ తప్పుతుంది.

రికర్వా, కాంపౌండా అన్న ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు లేదు. కాంపౌండ్ విల్లుకు అమెరికాలోని మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ ఆలెన్ 1969లో పేటెంట్ పొందాడు. చివర్లలోని కామ్ చక్రాల వల్ల నారిని పూర్తిగా లాగాక బరువు ఒక్కసారి దిగిపోతుంది. 60 పౌండ్ల విల్లుకు 80 శాతం తగ్గింపు ఉంటే చేతిలో నిలిచేది 12 పౌండ్లే, తాపీగా గురి చూసుకోవచ్చు. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది కాంపౌండ్‌లోనే. 2028 లాస్ ఏంజిలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీ కూడా చేరింది. అయినా చుట్టుపక్కల రిపేరు తెలిసిన మనిషి లేని ఊళ్లో మొదటి విల్లుగా రికర్వే మేలు. కాంపౌండ్ నారి మార్చాలంటే ప్రెస్ అనే యంత్రం కావాలి. రికర్వ్‌ను ఎవరి ఇంట్లో వాళ్లే విప్పుకోవచ్చు, బలం పెరిగిన కొద్దీ లింబులు మాత్రమే మార్చుకోవచ్చు. బడి పిల్లలకైతే ఇండియన్ రౌండ్ అనే దేశీ పోటీలో వాడే వెదురు విల్లే మంచి మొదలు. గురి చూసుకునే సైటు లేని ఆ విల్లు చేతికి, ఒంటికి పద్ధతి నేర్పుతుంది.

అసలు ఆయువుపట్టు బాణం

విల్లు మీద వెచ్చించే శ్రద్ధలో పావు వంతు కూడా బాణం మీద పెట్టకపోవడం కొత్తవాళ్ల అతి పెద్ద పొరపాటు. మామూలు విల్లుతో మంచి బాణాలు గుంపుగా పడతాయి. ఎంత గొప్ప విల్లుతోనైనా కుదరని బాణాలు చెల్లాచెదురుగా పడతాయి. బడ్జెట్ తక్కువైతే విల్లు దగ్గర తగ్గించుకుని బాణాల దగ్గర ఖర్చు పెట్టాలి.

కారణం బాణం వంగడంలో ఉంది. నారి వెనక నుంచి ఒక్కసారిగా తోసేసరికి బాణం విల్లులా వంగి, తిరిగి నిటారై, మళ్లీ అటువైపు వంగుతూ చేప ఈదినట్టు పోతుంది. వేళ్లతో వదిలే రికర్వ్‌లో ఇది మరీ ఎక్కువ. ఆ వంపు విల్లు బలానికి తగ్గట్టుగా ఉండాలి. బాణం ఎంత గట్టిదో చెప్పే కొలతను స్పైన్ అంటారు. 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద బాణాన్ని ఉంచి, మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీస్తారు. అర అంగుళం వంగితే దాని స్పైన్ 500. అంటే అంకె తగ్గిన కొద్దీ బాణం గట్టిది, 300 అన్నది 500 కంటే గట్టి బాణం. దుకాణంలో గట్టి బాణం మంచిదని చెప్పి 30 పౌండ్ల విల్లుకు 340 స్పైన్ అంటగడితే అది వంగనే వంగదు, కుడిచేతి వాళ్లకు ఎడమవైపే పోతూ ఉంటుంది. కంపెనీలు ఇచ్చే పట్టికలో డ్రా వెయిట్, బాణం పొడవు చూసుకుని ఎంచుకోవాలి.

పొడవు విషయంలో పిసినారితనం పనికిరాదు. పూర్తిగా లాగినప్పుడు మొన, విల్లు మీద బాణం ఆనే రెస్ట్ కంటే కనీసం ఒక అంగుళం ముందుకు ఉండాలి. కొత్తవాళ్లకు రెండు అంగుళాలు ఉన్నా నష్టం లేదు, నిలబడే పద్ధతికి ఒళ్లు సర్దుకున్న కొద్దీ డ్రా లెంగ్త్ కాస్త పెరగొచ్చు కాబట్టి. పొట్టి బాణం రెస్ట్ వెనక్కి జారితే, ఆ క్షణంలో నారి వదిలితే, అది నేరుగా విల్లు పట్టిన అరచేతిలోకి దిగుతుంది. అన్న బాణాలతో తమ్ముడు సాధన చెయ్యడం పర్వాలేదు కానీ, తమ్ముడి బాణాలతో అన్న చెయ్యకూడదు.

బరువుకూ ఒక హద్దుంది. ఒక్కో పౌండు డ్రా వెయిట్‌కు కనీసం 5 గ్రెయిన్ల బాణం ఉండాలి. 40 పౌండ్ల విల్లుకు 200 గ్రెయిన్లు, అంటే 13 గ్రాములు. అంతకంటే తేలికదైతే విల్లులోని శక్తిని బాణం మోసుకుపోలేదు, ఆ శక్తి తిరిగి లింబుల మీదే పడుతుంది. బాణం లేకుండా ఉత్త నారి లాగి వదిలితే విల్లు పగిలేది ఇందుకే. ఇంటికొచ్చిన చుట్టాల పిల్లలు ముందు చేసేది అదే కాబట్టి విల్లును కనబడేలా గోడకు తగిలించకపోవడం మంచిది.

కార్బన్ బాణాన్ని ప్రతిసారీ ఎక్కించే ముందు పరీక్షించాలి. రెండు చివరలూ పట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని, కొద్దిగా వంచి, కాస్త తిప్పి మళ్లీ వంచాలి. ఎక్కడైనా సన్నగా చిటచిటమన్న శబ్దం వస్తే ఆ బాణాన్ని అక్కడికక్కడే విరిచి పారెయ్యాలి. పగులు పట్టిన కార్బన్ బాణం వదిలిన క్షణంలో ముక్కలై సూదుల్లా చేతిలో గుచ్చుకుంటుంది. ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు, రోజూ రెండు నిమిషాలు పట్టే పని.

ఏది ముందు, ఏది తర్వాత

విల్లు ఇంటికి రాగానే అందరూ సైటు బిగించి మధ్యలో కొట్టాలని చూస్తారు. సైటు చివరి పని. ముందు డ్రా లెంగ్త్, తర్వాత డ్రా వెయిట్. కాంపౌండ్‌లో లింబ్ బోల్టులు పైనా కిందా ఒకేలా తిప్పాలి. పైది ఒక చుట్టు వదులు చేస్తే కిందది కూడా కచ్చితంగా ఒక చుట్టే. ఎన్ని చుట్లు దాకా వదులు చెయ్యొచ్చో విల్లు పుస్తకంలో ఉంటుంది, అంతకు మించితే లింబ్ ఊడొస్తుంది. రెండు కామ్‌లున్న విల్లులో రెండూ ఒకేసారి చివరికి చేరుతున్నాయో లేదో పక్కన ఒకరిని నిలబెట్టి చూపించుకోవాలి.

రికర్వ్‌లో చూసుకోవాల్సింది బ్రేస్ హైట్, అంటే విల్లుకు నారి కట్టి, లాగకుండా ఊరికే ఉంచినప్పుడు పిడికీ నారికీ మధ్య దూరం. 68 అంగుళాల విల్లుకు ఇది సుమారు ఎనిమిదింబావు నుంచి తొమ్మిది అంగుళాల మధ్య ఉంటుంది. నారికి మెలికలు పెంచితే దూరం పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. అయిదారు మెలికలు వేసి, మూడు బాణాలు వేసి, శబ్దం వినాలి. ఒక దగ్గర ఖంగుమనే మోత తగ్గి మెత్తగా వినిపిస్తుంది. చేతిలో అదురు కూడా తగ్గుతుంది. ఆ కొలతను కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

తర్వాత రెస్ట్, నాకింగ్ పాయింట్. నారి మీద బాణం తొడిగే చోటు లంబకోణం కంటే కొద్దిగా పైన, రికర్వ్‌లో పావు అంగుళం దగ్గర మొదలుపెట్టొచ్చు. అది సరిగ్గా ఉందో లేదో కాగితం చెబుతుంది. ఒక చెక్క ఫ్రేముకు నిన్నటి దినపత్రిక పేజీ బిగించి నిలబెట్టాలి. దాని వెనక టార్గెట్ ఉండాలి. రెండు మీటర్ల దూరం నుంచి కాగితం గుండా బాణం వెయ్యాలి. దగ్గరికెళ్లి చూస్తే మొన చేసిన గుండ్రటి చిల్లు, ఈకలు చేసిన మూడు కోతలు కనిపిస్తాయి. మూడూ ఒకే చిల్లు నుంచి విచ్చుకుని ఉంటే బాణం తిన్నగా పోతోంది. చిల్లు కింద, ఈకల కోత పైన ఉండి మధ్యలో కాగితం నిలువునా చిరిగితే బాణం తోక పైకెత్తి పోతోందని అర్థం, నాకింగ్ పాయింట్ కాస్త దించాలి. దించేది ఒక మిల్లీమీటరో రెండో, అంతకంటే ఎక్కువ కాదు. దించి మళ్లీ వెయ్యాలి. సాయంత్రం కరెంటు స్తంభాల లైట్లు వెలిగేసరికి పేపరు మొత్తం చిల్లులు పడొచ్చు, ఆ ఓపిక లేకుండా సైటు ఎంత తిప్పినా ఫలితం ఉండదు.

రికర్వ్‌లో ఇంకో పరీక్ష ఈకలు లేని బాణంతో. 18 మీటర్ల దగ్గర ఈకలున్నవి మూడు, లేనిది ఒకటి వెయ్యాలి. కుడిచేతి విలుకాడికి ఈకలు లేనిది ఎడమకు పడితే బాణం మరీ గట్టిది, కుడికి పడితే మరీ మెత్తది. మొన బరువు పెంచితే మెత్తబడుతుంది, బాణాన్ని కోసి పొట్టి చేస్తే గట్టిపడుతుంది. కోసిన బాణం మళ్లీ పెరగదు కాబట్టి కోత ఎప్పుడూ చివరి మార్గం.

ఈ కూర్పు విషయంలోనే వేటగాళ్ల జాగ్రత్త చూసి నేర్చుకోవాలి. బ్రాడ్‌హెడ్ రెక్కలు గాలిని పట్టుకుంటాయి. విల్లులో చిన్న తేడా ఉన్నా ముందున్న రెక్కలు బాణాన్ని పక్కకు తీసుకుపోతాయి. టార్గెట్ మొనతో దాగిపోయే లోపం అక్కడ బయటపడుతుంది. అందుకని వాళ్లు కాగితం దగ్గర గంటలు గడుపుతారు. మనం ఆ మొనలు వాడకపోయినా ఆ శ్రద్ధ తెచ్చుకోవచ్చు.

శబ్దం మీద వాళ్ల పట్టింపు కూడా ఊరికే కాదు. సెకనుకు 260 అడుగుల వేగం అంటే 79 మీటర్లు. 20 మీటర్ల దూరానికి బాణం చేరడానికి పావు సెకను పడుతుంది. నారి మోత 0.06 సెకనులో చేరిపోతుంది. ఈ మధ్యలో జింక ఉలిక్కిపడి కిందికి కుంగుతుంది, బాణం పైనుంచి పోతుంది. దూరం పెరిగే కొద్దీ ఆ వ్యవధి పెరుగుతుంది. వాళ్లు నారికి బొచ్చు కుచ్చులు కట్టడం, బరువైన బాణం వాడడం, దగ్గరికి వెళ్లేదాకా ఆగడం అందుకే. ఫోమ్ జింక ఎక్కడికీ కదలదు. అయినా మోత తక్కువున్న విల్లు అంటే శక్తి వృథా కాని విల్లు, చేతికి అదురు తక్కువ తెచ్చే విల్లు. వంద బాణాల తర్వాత ఆ తేడా భుజానికి తెలుస్తుంది.

దూరం అంచనా ఇంకోటి. 79 మీటర్ల వేగంతో పోయే బాణాన్ని 35 మీటర్లకు గురి పెట్టి వేస్తే, బొమ్మ నిజంగా 40 మీటర్ల దగ్గరుంటే, బాణం 16 సెంటీమీటర్లు కిందికి పడుతుంది. సెకనుకు 170 అడుగుల రికర్వ్‌తో 20 మీటర్లనుకుని 25 మీటర్ల బొమ్మను వేస్తే తేడా 22 సెంటీమీటర్లు దాటుతుంది. ప్రకటనల్లోని వేగానికి ఉన్న నిజమైన విలువ ఇంతే, అంచనా తప్పినప్పుడు కాస్త ఆదుకుంటుంది. రోజూ వాకింగ్‌కు వెళ్లేటప్పుడు ముందున్న వేపచెట్టు ఎన్ని మీటర్లో అనుకుని అడుగులతో కొలిచి చూసుకుంటే ఖర్చు లేకుండా అదే లాభం వస్తుంది.

వేటగాడికి దొరికేది ఒక్క బాణం, అదీ ఒళ్లు వేడెక్కకముందు వేసే మొదటి బాణం. మైదానంలో ఆటగాళ్లు మొదటి మూడింటినీ లెక్కలోకి తీసుకోరు. రోజూ పొద్దున ఒకే ఒక్క బాణం వేసి, అది ఎక్కడ పడిందో నెల రోజులు రాసి చూసుకుంటే విల్లు కూర్పు, మనిషి పద్ధతి రెండూ నిజంగా ఎలా ఉన్నాయో తెలిసిపోతుంది.

ఎండ, వాన, మిద్దె

తిరుపతి ఎండకు ఈ సరుకులేవీ తయారు చేసినవి కావు. మే నెల మధ్యాహ్నం మూసిన కారులో వదిలిన విల్లు లోపల కాలిపోతూ ఉంటుంది. లింబుల్లో పొరలు అతికించిన జిగురు మెత్తబడుతుంది. నారి పోగులు సాగుతాయి. బాణం మొనలను హాట్ మెల్ట్ గమ్‌తో అతికించినట్టయితే అవి టార్గెట్‌లోనే ఉండిపోయి బాణం ఒక్కటే చేతికొస్తుంది. కాంపౌండ్‌ను ఇంట్లో నీడపట్టున పెట్టాలి. రికర్వ్‌ను సాధన అయ్యాక నారి దించి ఉంచాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. సహజ ఈకల బాణాలు తడిస్తే చప్పబడి దారి తప్పుతాయి, ఇక్కడి వాతావరణానికి వేన్లు అనే ప్లాస్టిక్ ఈకలే నయం. నారికి వారానికోసారి మైనం రుద్దాలి.

మిద్దె మీద సాధన చెయ్యకూడదు. ఇందులో మినహాయింపు లేదు. 30 పౌండ్ల విల్లు నుంచి పైకి తప్పిన బాణం వంద మీటర్లు సునాయాసంగా దాటుతుంది. ఆ వంద మీటర్లలో ఎన్ని వీధులు, బట్టలు ఆరేసే ఎందరు మనుషులు ఉంటారో ఏ మిద్దె ఎక్కి చూసినా తెలుస్తుంది. టార్గెట్ వెనక ఎత్తైన మట్టికట్టో, మనుషులు తిరగని ఖాళీ నేలో ఉండాలి. గట్టిగా అదిమి కట్టిన వరిగడ్డి మోపులు మంచి టార్గెట్, ఇక్కడ చవగ్గా దొరుకుతాయి. మోపు వదులైతే బాణం అవతలికి దూసుకుపోతుంది కాబట్టి నెలకోసారి తాళ్లు బిగించాలి.

సెకండ్ హ్యాండ్ విల్లు కొనేవాళ్లు జేబులో కాస్త దూది పెట్టుకెళ్లాలి. లింబుల మీద, అంచుల మీద దూదిని మెల్లగా రాయాలి. ఎక్కడైనా పోగు చిక్కుకుంటే అక్కడ కంటికి కనపడని పగులుంది. ఎంత తక్కువకు ఇచ్చినా ఆ విల్లు తీసుకోకూడదు. నారి మీద పోగులు లేచి ఉంటే కంగారు అక్కర్లేదు, కొత్త నారి వేయించుకోవచ్చు. కాంపౌండ్ అయితే డ్రా లెంగ్త్ తనకు సరిపడేలా మారుతుందో లేదో, అందుకు ఆ కామ్‌కు బిగించే మాడ్యూల్ అనే ముక్క దొరుకుతుందో లేదో డబ్బు ఇవ్వకముందే కనుక్కోవాలి.

కొత్త నారి వేశాక మొదటి వంద, రెండు వందల బాణాల దాకా అది సాగుతూనే ఉంటుంది. కన్ను పెట్టి చూసే పీప్ పక్కకు తిరుగుతుంది, కామ్‌ల లెక్క మారుతుంది. వేసిన రోజే పీప్ దగ్గర, రెండు కామ్‌ల దగ్గర తెల్ల మార్కర్‌తో సన్నటి గీతలు పెట్టుకుంటే తేడా వెంటనే కంటికి కనబడుతుంది. ఆ గీతలు కదలడం ఆగాకే సైటు బోల్టు గట్టిగా బిగించాలి.